విమాన టికెట్‌లో పేరు తప్పు పడితే: మన ఇంటిపేరు ఏ గడిలో ఉండాలి, ఎవరు దిద్దాలి

రైలు టికెట్ల అలవాటు విమాన ప్రయాణంలో ఒక చోట దెబ్బ కొడుతుంది. రైల్లో కన్ఫర్మ్ అయిన బెర్తును, బండి బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కౌంటర్‌లో దరఖాస్తు పెట్టి అన్న పేరు నుంచి తమ్ముడి పేరుకు, భర్త పేరు నుంచి భార్య పేరుకు మార్పించుకోవచ్చు. విమాన టికెట్‌కు ఆ వెసులుబాటు లేదు. రయనైర్, ఈజీజెట్ లాంటి ఐరోపా చవక ఎయిర్‌లైన్లు డబ్బు తీసుకుని వేరే మనిషి పేరుకు మారుస్తాయి గానీ, మనవాళ్లు ఎక్కువగా ఎక్కే ఎయిర్‌లైన్లలో టికెట్ ఎవరి పేరున కొంటే వాళ్లదే. అదే మనిషి పేరులో పడిన తప్పును దిద్దడం మాత్రం వేరే సంగతి. అది చేస్తారు, చిన్న తప్పయితే చాలాచోట్ల ఉచితంగానే చేస్తారు.

అందుకే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు నోటి వెంట మొదట రావలసిన మాట ‘నేమ్ కరెక్షన్’. ‘నేమ్ చేంజ్’ అన్నారంటే అవతలివాళ్లు మనిషినే మార్చమంటున్నారనుకుని కుదరదని చెప్పేస్తారు. ‘ప్రయాణికుడు అతనే, పాస్‌పోర్టూ అదే, స్పెల్లింగ్‌లో తప్పు పడింది’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

ముందు పాస్‌పోర్టు తెరవండి

టికెట్ మెయిల్‌కు రాగానే పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకోవాలి. విదేశీ ప్రయాణానికి అదొక్కటే ప్రమాణం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది, ఊళ్లో ఏమని పిలుస్తారు అన్నవి ఇక్కడ పనికిరావు. పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే సరిచూడండి.

మన పేర్లలో అక్షరాలు తప్పే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే. లక్ష్మిని కొందరు ‘కేఎస్‌హెచ్’తో రాస్తారు, కొందరు ‘ఎక్స్’తో. శ్రీనివాస్‌లో ‘ఐ’ ఒకటా, ‘ఈ’ రెండా? సుజాత, లత, సీత లాంటి పేర్లలో ‘టీ’ పక్కన ‘హెచ్’ ఉందా, లేదా? శ్రీనివాస అని పాస్‌పోర్టులో ఉంటే టికెట్‌లో శ్రీనివాస్ అయిపోతుంది, చివరి ‘ఏ’ ఎగిరిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు టికెట్ తీసేటప్పుడు ఈ తప్పులు మరీ ఎక్కువ. అమ్మ పేరు చిన్నప్పటి నుంచి తెలిసిందే కదా అని జ్ఞాపకం మీద టైప్ చేస్తారు. పాస్‌పోర్టులో అమ్మ పేరు చివర ‘దేవి’ ఉంటుంది, ఇంటిపేరు పుట్టింటిది ఉంటుంది, పుట్టిన తేదీ రికార్డులో ఒకటి, ఇంట్లో చెప్పుకునేది ఇంకొకటి ఉంటుంది. బుక్ చేసే ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని, దాన్ని చూస్తూ టైప్ చేయండి. రెండు నిమిషాల పని ఇది.

అక్షరాలకంటే పెద్ద చిక్కు గడులది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాసుకోవడం మన పద్ధతి. బుకింగ్ వెబ్‌సైటులో మొదటి గడి ‘ఫస్ట్ నేమ్’, రెండోది ‘లాస్ట్ నేమ్’. చేతి అలవాటుగా మొదటి గడిలో ఇంటిపేరు కొట్టేస్తాం, పేరు తిరగబడుతుంది. ఫస్ట్, లాస్ట్ అన్న మాటలను పట్టించుకోకండి. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ అని ఉన్న గడిలోది ‘లాస్ట్ నేమ్’లోకి, ‘గివెన్ నేమ్’ అని ఉన్న గడిలోదంతా ‘ఫస్ట్ నేమ్’లోకి వెళ్లాలి. అంతే.

పాస్‌పోర్టులోని సర్‌నేమ్ గడిలో ఏముందో ఊహించకూడదు, చూడాలి. ఒకే ఇంట్లో మూడు రకాలు కనిపిస్తాయి. తండ్రి పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గా ఇంటిపేరు ఉంటుంది. కూతురికి అదే గడిలో ‘రెడ్డి’ ఉంటుంది, ఇంటిపేరు గివెన్ నేమ్‌లో కలిసిపోయి ఉంటుంది. తల్లికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది. ముగ్గురికీ ఒకే ఇంటిపేరు కదా అని ఒకేలా నింపితే ఇద్దరి టికెట్లు తప్పినట్టే.

పొడి అక్షరాల, అంటే ఇనీషియల్స్ సంగతి కూడా చూడాలి. ఆధార్‌లో, మార్కుల జాబితాలో ఇంటిపేరుకు బదులు ఒక అక్షరం, చుక్క ఉండటం మామూలే. పాస్‌పోర్టు దరఖాస్తులో మాత్రం పొడి అక్షరాలను విడదీసి పూర్తిగా రాయమంటారు. కాబట్టి విదేశీ టికెట్‌లో ఇంటిపేరు గడిలో ఒక్క ‘కే’ అక్షరం పెట్టడం తప్పే. టికెట్ పేరులో చుక్కలు, అడ్డగీతలు ఎలాగూ నిలవవు.

ఇక తప్పులా కనిపించినా తప్పు కానివి కొన్ని ఉన్నాయి. వీటి కోసం కంగారుపడి ఫోన్లు చేయక్కర్లేదు. పాత తరహా ఎయిర్‌లైన్ల వ్యవస్థలో పేరు ఇంటిపేరు, ఏటవాలు గీత, ఆ తర్వాత గివెన్ నేమ్ అంతా ఒకే ముద్దగా, చివర మిస్టరో మిసెసో అని సూచించే అక్షరాలు అన్న వరసలో ఉంటుంది. మధ్య ఖాళీలు మాయమవుతాయి. ‘వెంకట లక్ష్మీ నారాయణ’ ఒకే మాటగా అతుక్కుని, చివర ‘ఎంఆర్’ తగిలించుకుని కనిపిస్తే అది తప్పు కాదు, ఆ ‘ఎంఆర్’ మిస్టర్ మాత్రమే. సుబ్బారావును కలిపి రాసినా విడదీసి రాసినా తేడా లేదు. బోర్డింగ్ పాస్ మీద పేరు సగంలో తెగిపోవడమూ మామూలే. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో పేరుకు కేటాయించింది 20 అక్షరాల చోటే. బొమ్మిశెట్టి అన్న ఇంటిపేరు ఇంగ్లిషులో పది అక్షరాలనుకుంటే, గీతకు ఒకటి పోగా గివెన్ నేమ్‌కు మిగిలేవి తొమ్మిది. వెంకట లక్ష్మీ నారాయణలో ‘వెంకటల’ దాకా వచ్చి ఆగిపోతుంది. టికెట్‌లో పూర్తి పేరు సరిగ్గా ఉంటే చాలు.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు

మనవాళ్లను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేదు, వెబ్‌సైటు ఆ గడి ఖాళీగా వదలనివ్వదు. దీనికి అన్ని ఎయిర్‌లైన్లకూ ఒకటే పద్ధతి లేదు. కొన్ని అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి. కొన్ని పేరంతా లాస్ట్ నేమ్‌లో పెట్టి ఫస్ట్ నేమ్‌లో ‘ఎఫ్ఎన్‌యూ’ అని రాయమంటాయి, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. ఇంకొన్ని లాస్ట్ నేమ్‌లో ‘ఎల్ఎన్‌యూ’ పెట్టమంటాయి. టికెట్ జారీ చేసే ఎయిర్‌లైన్ సైటులో ‘సింగిల్ నేమ్’ అని వెతికితే వాళ్ల పద్ధతి దొరుకుతుంది. దొరక్కపోతే కొనేముందే చాట్‌లో అడిగి, ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తండ్రి పేరునో భర్త పేరునో సొంతంగా తెచ్చి సర్‌నేమ్ గడిలో పెట్టకండి. పాస్‌పోర్టు మొదటి పేజీలో లేని పేరు టికెట్‌లోకి రాకూడదు.

అమెరికా వెళ్లేవాళ్లకు వీసాయే దారి చూపిస్తుంది. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు గివెన్ నేమ్ మొత్తాన్ని సర్‌నేమ్ గడిలోకి తెచ్చి, గివెన్ నేమ్‌లో ‘ఎఫ్ఎన్‌యూ’ అని ముద్రిస్తారు. టికెట్‌ను కూడా అలాగే తీస్తే వీసాతో సరిపోతుంది. అమెరికాకు, అమెరికా నుంచి వెళ్లే విమానాలన్నిటికీ ‘సెక్యూర్ ఫ్లైట్’ అన్న తనిఖీ ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, లింగం వివరాలను ఎయిర్‌లైన్ ముందుగా అక్కడి రవాణా భద్రతా సంస్థకు పంపాలి. అక్కడ నుంచి క్లియరెన్స్ రానిదే బోర్డింగ్ పాస్ ముద్రించడానికి వీలుండదు. కౌంటర్‌లో ఉన్న మనిషి ఎంత మంచివారైనా చేయగలిగింది ఉండదు. మిస్టర్‌కు బదులు మిసెస్ పడటం చిన్న తప్పులా కనిపిస్తుంది గానీ లింగం కూడా ఆ వివరాల్లో ఒకటి కాబట్టి దాన్నీ దిద్దించుకోవాలి.

దుబాయ్, షార్జా, అబుదాబి వెళ్లేవాళ్లకు సమస్య టికెట్‌తో ఆగదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గానో గివెన్ నేమ్‌గానో ఒకే ఒక్క మాట ఉండి, రెండో గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా, వీసా ఆన్ అరైవల్ లాంటి వాటి మీద రానివ్వబోమని 2022 నవంబరు 21 నుంచి యూఏఈ నిబంధన పెట్టింది. తర్వాత ఇచ్చిన వివరణలో, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే అనుమతిస్తామన్నారు. నివాస వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లలో ‘లక్ష్మి’, ‘రాజయ్య’ అని ఒక్క మాటతోనే పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకు టికెట్‌లో ఎన్ని గడులు నింపినా లాభం లేదు. ప్రయాణానికి టైముంటే పాస్‌పోర్టు సేవా ద్వారా రీఇష్యూకు పెట్టి ఇంటిపేరును సర్‌నేమ్ గడిలోకి తెచ్చుకోవడమే శాశ్వతమైన మార్గం. 36 పేజీల పాస్‌పోర్టుకు మామూలు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు అదనంగా 2,000. కొత్త పుస్తకానికి కొత్త నంబరు వస్తుంది కాబట్టి టికెట్, వీసా ఆ తర్వాతే తీసుకోవాలి.

తప్పు కనిపించిన మొదటి రోజు

గడియారం ముఖ్యం. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన ప్రకారం, ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైటులో నేరుగా కొన్న టికెట్‌లో అదే మనిషి పేరులో తప్పు ఉందని బుక్ చేసిన 24 గంటల్లోపు చెబితే, దిద్దడానికి అదనపు ఛార్జీ తీసుకోకూడదు. సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్‌లో సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 2లో ఈ మాట ఉంది. కస్టమర్ కేర్ వాళ్లు డబ్బు అడిగితే ఈ సెక్షన్ పేరు చెప్పండి. ఫోన్ మాత్రమే చేసి ఊరుకోవద్దు. మెయిల్ కూడా పెట్టండి, 24 గంటల్లోపు చెప్పామనడానికి ఆ మెయిల్‌లో ఉన్న సమయమే సాక్ష్యం.

అమెరికా నుంచి, అమెరికాకు వెళ్లే విమానాలకు ఇంకో దారి ఉంది. ప్రయాణానికి ఏడు రోజులో అంతకంటే ఎక్కువో ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్న టికెట్‌ను, 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ ధరను 24 గంటలు పట్టి ఉంచే అవకాశం ఇవ్వాలి. అది అక్కడి రవాణా శాఖ నిబంధన. ఎయిర్‌లైన్ ఈ రెండిట్లో రద్దు పద్ధతిని పాటిస్తుంటే, పేరు బాగా తప్పినప్పుడు కరెక్షన్ కోసం గంటలు ఫోన్లో వేచి ఉండేకంటే రద్దు చేసి సరైన పేరుతో మళ్లీ కొనడమే త్వరగా తేలుతుంది. అయితే ధర ఈలోగా పెరగలేదని ముందు చూసుకోండి. ఒకే పేరుతో ఒకే విమానంలో రెండు బుకింగులు కనిపిస్తే ఎయిర్‌లైన్లు డూప్లికేట్ అని ఒకదాన్ని తీసేస్తాయి. అందువల్ల పాతది రద్దయినట్టు మెయిల్ వచ్చాకే కొత్తది కొనడం క్షేమం.

తర్వాతి ప్రశ్న ఎవరిని అడగాలి అన్నది. టికెట్ ఎవరు జారీ చేశారో వాళ్లే దిద్దాలి. మేక్‌మైట్రిప్ లాంటి సైటులోనో వీధి చివర ట్రావెల్ ఏజెంటు దగ్గరో కొంటే, ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసినా మీ ఏజెంటునే అడగమంటారు. తప్పించుకోవడానికి అనే మాట కాదది. ఏజెంటు జారీ చేసిన టికెట్ ఏజెంటు చేతిలోనే ఉంటుంది, మార్పులు అక్కడ నుంచే జరగాలి. ఏజెంటు ఎయిర్‌లైన్ హెల్ప్ డెస్క్ నుంచి అనుమతి తీసుకుని దిద్దుతారు, తన సర్వీస్ ఛార్జీ కలుపుకుంటారు. ఆ ఛార్జీ ఎంతో ముందే అడగండి. డీజీసీఏ చెప్పిన 24 గంటల ఉచిత దిద్దుబాటు నేరుగా కొన్న టికెట్లకే అన్నది ఇక్కడ గుర్తుండాలి. నా మట్టుకు, వందో రెండు వందలో ఎక్కువైనా అమ్మానాన్నల టికెట్లను ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొనమంటాను. ఏదైనా తేడా వస్తే అడగాల్సింది ఒక్కరినే.

ఫోన్ చేసేముందు మూడు నంబర్లు వేరు చేసుకోండి. సైటు ఇచ్చే బుకింగ్ ఐడీ సైటుకే తెలుస్తుంది. పీఎన్ఆర్ ఆరు అక్షరాలు, అంకెల కలగలుపు. ఇ-టికెట్ నంబరు 13 అంకెలు, అందులో మొదటి మూడు ఎయిర్‌లైన్‌ను చెబుతాయి: ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కు 157. రెండు ఎయిర్‌లైన్లలో ప్రయాణం ఉంటే ఈ మూడంకెలు చూస్తే టికెట్ ఎవరిదో తెలిసిపోతుంది, కరెక్షన్ అడగాల్సింది వాళ్లనే.

మెయిల్ క్లుప్తంగా ఉండాలి. సబ్జెక్ట్ లైనులో నేమ్ కరెక్షన్ అని, పీఎన్ఆర్, ప్రయాణ తేదీ. లోపల ఇ-టికెట్ నంబరు, ‘టికెట్‌లో ఉన్న పేరు’ అని ఒక వరస, ‘పాస్‌పోర్టు ప్రకారం ఉండాల్సిన పేరు’ అని కింద ఇంకో వరస, సర్‌నేమ్, గివెన్ నేమ్ విడివిడిగా. పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్ జతచేయండి. కథ రాయక్కర్లేదు. ఆ రెండు వరసలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తే చూసేవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది.

ఎంతవరకు దిద్దుతారన్నది ఎయిర్‌లైన్‌ను బట్టి ఉంటుంది. మూడు అక్షరాల దాకా తేడా ఉంటే స్పెల్లింగ్ తప్పుగా లెక్కేయడం చాలాచోట్ల ఉన్న వాడుక. పేరు తిరగబడినా, మిస్టర్ మిసెస్ తారుమారైనా మామూలుగా ఒప్పుకుంటారు. గివెన్ నేమ్‌లో ఒక మాట మొత్తం లేకపోతేనో, ఇంటిపేరు పూర్తిగా వేరే ఉంటేనో పత్రాలు అడుగుతారు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారి కొత్త పాస్‌పోర్టు వచ్చిందనుకోండి, టికెట్ పాత పేరు మీద ఉంది. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రం మూడూ పంపాలి. పెళ్లి తేదీ, హనీమూన్ టికెట్ల తేదీ దగ్గరగా ఉంటే, పాస్‌పోర్టులో పేరు మార్చే పని తిరిగొచ్చాక పెట్టుకుని, చేతిలో ఉన్న పాస్‌పోర్టు పేరుతోనే టికెట్, వీసా తీసుకోవడం మేలు.

దిద్దేటప్పుడు లోపల ఏం జరుగుతుంది

‘పేరు మార్చాం’ అన్న మాట వినగానే సంతోషపడిపోకూడదు, ఎందుకంటే పేరు రెండు చోట్ల ఉంటుంది. పీఎన్ఆర్‌లో ఒకటి, ఇ-టికెట్‌లో ఇంకొకటి. పీఎన్ఆర్‌లో దిద్దినంత మాత్రాన ఇ-టికెట్ మారదు. దాన్ని మళ్లీ జారీ చేయాలి, కొత్త 13 అంకెల నంబరు వస్తుంది. ఏజెంటు పీఎన్ఆర్‌లో దిద్ది, రీఇష్యూ మరచిపోతే చెక్-ఇన్ కౌంటర్‌లో పీఎన్ఆర్ కనిపిస్తుంది గానీ దానికి సరిపోయే టికెట్ కనిపించదు. అందుకే ‘రీఇష్యూ చేశారా, కొత్త టికెట్ నంబరు ఎంత’ అని అడిగి తీసుకోండి. కొన్నిసార్లు పేరు మార్చకుండా రికార్డులో ‘పాస్‌పోర్టు ప్రకారం పేరు ఇది’ అని ఒక గమనిక మాత్రమే రాస్తారు. ఒక అక్షరం తేడాకు అది చాలంటారు. అలాంటప్పుడు ఆ మాటను మెయిల్‌లో రాయించుకుని ప్రింటు దగ్గర పెట్టుకోండి. చవక ఎయిర్‌లైన్ల సొంత బుకింగుల్లో చాలావరకు పీఎన్ఆర్ ఒక్కటే ఆధారం కాబట్టి ఈ గొడవ తక్కువ.

రెండు ఎయిర్‌లైన్లు కలిసిన ప్రయాణంలో పని కష్టమవుతుంది. హైదరాబాద్ నుంచి దోహా దాకా ఒకరు, అక్కడ నుంచి అమెరికాలో చివరి ఊరికి భాగస్వామి ఎయిర్‌లైన్ అనుకోండి. ఒకరి రికార్డులో పేరు మారితే అవతలివాళ్ల రికార్డు తనంతట తాను మారదు. చాలాసార్లు ఆ సీట్లను వదిలి కొత్త పేరుతో మళ్లీ బుక్ చేయాల్సి వస్తుంది. ఆ విమానంలో అదే ధర తరగతిలో సీటు మిగిలి లేకపోతే తేడా కట్టమంటారు. ఇలాంటి టికెట్‌లో తప్పు ఉంటే రేపు చూద్దాం అనుకోకండి. రోజులు గడిచేకొద్దీ సీట్లు తగ్గుతాయి.

వెబ్ చెక్-ఇన్ చేశాక పేరు దిద్దడం కుదరదు. టికెట్ స్థితి ‘చెక్డ్ ఇన్’కు మారిపోతుంది, ముందు దాన్ని వెనక్కి తీయించాలి. వెళ్లేటప్పటి ప్రయాణం అయిపోయి తిరుగు ప్రయాణం మిగిలిన టికెట్‌ను దిద్దడం ఇంకా ఇబ్బంది. వెళ్లేటప్పుడు ఎవరూ పట్టించుకోలేదు కదా అని ఊరుకుంటే, వచ్చేటప్పుడు వేరే దేశపు కౌంటర్‌లో ఆపుతారు. మొదటి విమానం ఎక్కకముందే దిద్దించండి.

దిద్దిన తర్వాత సరిచూడాల్సినవి ఇంకా ఉన్నాయి. సీటు, భోజనం, కొన్న అదనపు లగేజీ, మైళ్ల ఖాతా నంబరు ఇవన్నీ పేరుకు అతికి ఉంటాయి. సీట్లు మళ్లీ బుక్ చేసినప్పుడు ఇవి రాలిపోతాయి. వీల్‌చెయిర్ కూడా అంతే. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు వీల్‌చెయిర్ పెట్టించి, తర్వాత పేరు దిద్దించి, వీల్‌చెయిర్ సంగతి మళ్లీ చూడకపోతే దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆమె ఒక్కతే మైళ్ల దూరం ఉన్న గేటు వెతుక్కోవాల్సి వస్తుంది. ‘మేనేజ్ బుకింగ్’లోకి వెళ్లి ప్రతి విమానానికీ విడివిడిగా వీల్‌చెయిర్ ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టు వివరాల పేజీ కూడా తెరవండి. అక్కడ పేరు విడిగా నమోదై ఉంటుంది, పాత తప్పు అక్కడే మిగిలిపోవచ్చు. ప్రయాణ బీమా పాలసీ ఆ పాత స్పెల్లింగుతోనే తీసుంటే దాన్నీ దిద్దించాలి.

పసిపిల్లల పేరు తల్లిదండ్రుల టికెట్‌కు అనుబంధంగా నమోదవుతుంది, అది వేరుగా చూడాలి. పుట్టిన తేదీలో తప్పు ఉంటే ధరే మారుతుంది. తిరుగు ప్రయాణం లోపు రెండేళ్లు నిండే బిడ్డకు ఆ విమానంలో సొంత సీటు కావాలి.

దేశంలోనే ప్రయాణమైతే

ఇక్కడ వీసా లేదు, అవతలి దేశపు తనిఖీ లేదు. తనిఖీ చేసేది టెర్మినల్ ద్వారం దగ్గర సీఐఎస్ఎఫ్ సిబ్బంది. అంటే పేరు తప్పితే ఎయిర్‌లైన్ కౌంటర్ దాకా వెళ్లకముందే ఆపేయవచ్చు. మంచి సంగతి ఏమిటంటే ఆధార్ ఒక్కటే కాదు, పాస్‌పోర్టు, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ ఏదైనా చెల్లుతుంది. మన కార్డుల్లో స్పెల్లింగులు ఎలాగూ ఒకదానికొకటి కలవవు. టికెట్‌లో పడిన స్పెల్లింగు ఏ కార్డుతో కలుస్తుందో చూసి ఆ కార్డు పట్టుకెళితే, చాలామందికి కరెక్షన్ అవసరమే ఉండదు. కార్డుకు బదులు ముఖం గుర్తింపుతో లోపలికి పంపే డిజియాత్ర యాప్ వాడేవాళ్లకు మాత్రం ఆధార్‌లో ఉన్న పేరూ బోర్డింగ్ పాస్ పేరూ కలవాలి. కలవకపోతే మామూలు వరసలో వెళ్లడమే, ప్రయాణానికి అడ్డేమీ లేదు. పేరు తిరగబడటం, పొడి అక్షరం ఉండటం లాంటివి ద్వారం దగ్గర మామూలుగా సర్దుకుపోతాయి. పిలిచే పేరు ఒకటి, కార్డులో పేరు ఇంకొకటి అయితే సర్దుకోవు. ‘చిన్ని’ పేరున టికెట్ తీసి, ‘నాగ వెంకట దుర్గా భవాని’ కార్డు చూపిస్తే ఒప్పుకోరు. ప్రయాణం రోజే చూసుకున్నవాళ్లు, మూడు గంటల ముందే వెళ్లి టెర్మినల్ ద్వారానికి బయట ఉండే ఎయిర్‌లైన్ టికెట్ కౌంటర్‌లో అడగాలి. లోపలికి వెళ్లాక చూద్దాంలే అనుకుంటే ఆ లోపలికి వెళ్లడమే కుదరదు.

ఫోన్ నంబరు ఎక్కడ నుంచి తీసుకుంటున్నారు

తొందరలో ఉన్నవాళ్లే మోసగాళ్లకు కావాలి. ఎయిర్‌లైన్ పేరు, కస్టమర్ కేర్ అని గూగుల్‌లో కొడితే నకిలీ నంబర్లూ వస్తాయి. ఎత్తినవాళ్లు మర్యాదగా మాట్లాడతారు, కరెక్షన్ ఫీజు పది రూపాయలే అంటారు, ఒక లింకు పంపుతారు, లేదా ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి ఫోన్ తెరను చూస్తారు. ఖాతా ఖాళీ అవుతుంది. నంబరు టికెట్ మీద నుంచో, ఎయిర్‌లైన్ సొంత యాప్ నుంచో మాత్రమే తీసుకోండి. ఓటీపీ చెప్పమని గానీ, తెర చూపించమని గానీ ఏ ఎయిర్‌లైన్ కూడా అడగదు. ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో అందరికీ కనిపించేలా పీఎన్ఆర్, ఇంటిపేరు పెట్టడమూ ప్రమాదమే. ఆ రెండూ ఉంటే ఎవరైనా బుకింగ్ తెరిచి చూడగలరు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కుదరదు అంటే

అన్ని ప్రయత్నాలూ చేశాక దిద్దలేమంటే రద్దు లెక్క వేసుకోవాలి. రద్దు ఛార్జీ బేసిక్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. టికెట్ నాన్-రిఫండబుల్ అయినా, ప్రమోషన్ ధరకు కొన్నదైనా, అసలు విమానం ఎక్కకపోయినా, ప్రభుత్వ పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ప్యాసింజర్ సర్వీస్ ఫీజు తిరిగివ్వాల్సిందే. విదేశీ టికెట్‌లో ఈ పన్నుల భాగం చిన్నది కాదు. ఇన్వాయిస్‌లో ఏది ఎంతో విడదీసి ఉంటుంది, అది చూసి అడగండి. అడగకపోతే చాలామంది ఏజెంట్లు తమంతట తాముగా చెప్పరు.

24 గంటల్లోపు చెప్పినా డబ్బు అడిగారనుకోండి, లేదా రావాల్సిన పన్నులు ఇవ్వలేదనుకోండి, మొదట ఎయిర్‌లైన్ నోడల్ అధికారికి, ఆపైన అప్పిలేట్ అధికారికి రాయాలి. వాళ్ల మెయిల్ ఐడీలు ప్రతి ఎయిర్‌లైన్ వెబ్‌సైటులోనూ ఉంటాయి. అక్కడ తేలకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఏజెంటు మీద ఫిర్యాదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ రెండు చోట్లా అడిగేవి ఒకటే: పీఎన్ఆర్, టికెట్ కొన్న సమయం ఉన్న మెయిల్, తప్పు గురించి మీరు మొదట చెప్పిన సమయం ఉన్న మెయిల్, వాళ్లిచ్చిన జవాబు. మొదటి రోజు ఫోన్‌తో పాటు మెయిల్ కూడా పెట్టమన్నది ఇందుకే.